ఆన్‌లైన్ ఎంఎస్‌లో 21 క్రెడిట్లు అయ్యాయి, మిగతావి క్యాంపస్‌లో చేస్తానంటే ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) ఇస్తారా?

ఎంవీపీ_సెక్టార్6:

అందరికీ నమస్తే. మాది వైజాగ్, రుషికొండ వైపు ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూనే అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ ఎంఎస్ డేటా సైన్స్‌లో చేరాను. మొత్తం 30 క్రెడిట్లు, అందులో 21 అయిపోయాయి, జీపీఏ 3.7. మిగిలిన 9 అక్కడికే వెళ్లి క్యాంపస్‌లో పూర్తి చేద్దామని ఉంది. దాపరికం ఎందుకు, ఓపీటీ (డిగ్రీ అయ్యాక అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) ఒక కారణం. ఇంకోటి, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని రికార్డింగులు చూడటం, ఒక డౌటొస్తే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి రెండ్రోజులు ఎదురుచూడటం, గ్రూప్ ప్రాజెక్ట్ మీటింగ్ అంటే వాళ్లకి సాయంత్రం మనకి తెల్లవారుజాము, ఇదంతా విసుగొచ్చేసింది.

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే "మీకు అడ్మిషన్ ఆల్రెడీ ఉంది కదండీ, ఆన్‌లైన్ నుంచి ఆన్ క్యాంపస్‌కి కన్వర్ట్ చేయించి ఐ-20 (స్టూడెంట్ వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం) జనరేట్ చేయిస్తే సరిపోతుంది, వారంలో అయిపోతుంది" అని అడ్వాన్స్ అడిగారు. ఇంకో చోట, నాకు ఆఫీసు పని మీద తీసుకున్న బీ1/బీ2 (విజిటర్) వీసా ఉందని తెలిసి, "అయితే ఇంకేం, డల్లాస్‌లో అక్క ఉంది కదా, దాని మీద వెళ్లిపోయి అక్కడ క్లాసుల్లో చేరిపోండి, స్టేటస్ తర్వాత మార్చుకోవచ్చు" అన్నారు. ఈ రెండో సలహా వింటేనే నాకు టెన్షన్ వచ్చింది.

నాన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైర్ అయ్యారు. "తొమ్మిది క్రెడిట్ల కోసం ఉద్యోగం మానేసి అంత డబ్బు పెట్టడం ఎందుకే" అంటున్నారు. ఆయన మాటా కొట్టిపారేయలేను. ఎవరైనా ఇలా మధ్యలో మారినవాళ్లు ఉంటే చెప్పండి. అసలు ఇది కుదిరే పనేనా?

సీతమ్మధార_సీనియర్:

కుదురుతుంది చెల్లీ, కానీ నీకు చెప్పిన పద్ధతిలో కాదు. నేను ఎంఎస్ చేసిన చోట ఇంటర్నేషనల్ ఆఫీసులో స్టూడెంట్ వర్కర్‌గా ఫైళ్లు చూసేవాణ్ని, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు "కన్వర్ట్" అన్న మాట మర్చిపో. ఇది జనరల్ టికెట్ కొని రైలెక్కాక టీసీ దగ్గర డబ్బు కట్టి ఏసీకి మార్పించుకునే వ్యవహారం కాదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉన్న ప్రోగ్రాంకి ఐ-20 ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎఫ్-1 విద్యార్థికి ఒక సెమిస్టర్‌లో ఫుల్‌టైం లెక్కలోకి వచ్చే ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే గరిష్ఠంగా 3 క్రెడిట్లు. మిగతావన్నీ క్లాసురూంలో కూర్చుని చదవాల్సినవే. కాబట్టి ఇప్పటి వరకు నువ్వు ఆ యూనివర్సిటీ విద్యార్థివే కానీ ఎఫ్-1 విద్యార్థివి కాదు, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల రికార్డులుండే అమెరికా ప్రభుత్వ సిస్టంలో) నీ పేరే లేదు. క్యాంపస్ ప్రోగ్రాంకి వేరే అడ్మిషన్ కావాలి. డిపార్ట్‌మెంట్ ఒకటే, ప్రొఫెసర్లు ఒకరే, డిగ్రీ పేరు కూడా ఒకటే అయినా చాలా చోట్ల అది వేరే అప్లికేషన్, వేరే డెడ్‌లైన్, వేరే ఫీజు. కొన్ని యూనివర్సిటీలైతే లోపలి నుంచి మార్పుకి ఒప్పుకోవు, బయటివాళ్లలాగే మొదట్నుంచి అప్లై చేయమంటాయి. జార్జియా టెక్ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ అందరికీ తెలిసిందే కదా, 2014 జనవరి నుంచి నడుస్తోంది, అక్కడా అంతే, క్యాంపస్‌కి రావాలంటే కొత్తగా అప్లై చేసుకోవాల్సిందే.

ఐ-20ని కన్సల్టెన్సీ జనరేట్ చేయించలేదు. అది ఇచ్చేది యూనివర్సిటీలో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఒక్కరే. అడ్మిషన్ లెటర్, డబ్బు చూపించే పేపర్లు, పాస్‌పోర్ట్ చూసి వాళ్లే ఇస్తారు, ఇవన్నీ నువ్వే నేరుగా పోర్టల్‌లో అప్‌లోడ్ చేసుకోవచ్చు. అడ్వాన్స్ కట్టకు.

బీ1/బీ2 సలహా మాత్రం వెంటనే చెవిలోంచి తీసెయ్. విజిటర్‌గా వెళ్లినవాళ్లు స్టూడెంట్ స్టేటస్‌కి మార్పు అప్రూవ్ అయ్యేదాకా కోర్సులో చేరకూడదు, అది రూల్. ముందు చేరి తర్వాత మార్చుకుంటాను అంటే స్టేటస్ ఉల్లంఘించినట్టే. పైగా ఎయిర్‌పోర్టులో "ఎందుకొచ్చావు" అంటే ఏం చెప్తావు? అక్కని చూడ్డానికి అని చెప్పి బ్యాగులో యూనివర్సిటీ పేపర్లు పెట్టుకుంటావా?

ఇంకోటి, కోవిడ్ టైంలో ఇండియాలో కూర్చుని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి తర్వాత క్యాంపస్‌కి వెళ్లిన సీనియర్లు నీకు తెలిసే ఉంటారు. వాళ్లు చెప్పేది ఇప్పుడు పనికిరాదు. అప్పుడు ఇచ్చిన సడలింపులు 2022-23 అకడమిక్ ఇయర్‌తో ఆగిపోయాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ సమస్య వీసా కాదు, ఆ 9 క్రెడిట్లు. మాస్టర్స్‌లో చాలా యూనివర్సిటీలకి 9 క్రెడిట్లు అంటే ఒక సెమిస్టర్ ఫుల్‌టైం. అంటే నువ్వు వెళ్లి ఒక్క సెమిస్టర్ చదివితే డిగ్రీ చేతికొచ్చేస్తుంది. మరి ఓపీటీ రావాలంటే ఒక పూర్తి అకడమిక్ ఇయర్ ఫుల్‌టైం చదివి ఉండాలి. వైజాగ్ నుంచి ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైంలో చేసిన సెమిస్టర్లు అందులోకి రావు. ఆగస్టులో వెళ్తావు, డిసెంబర్‌కి డిగ్రీ, ఓపీటీ లేదు, సామాన్లు సర్దుకుని తిరుగు ప్రయాణం. నీ దగ్గర అడ్వాన్స్ అడిగినవాళ్లు ఈ ముక్క చెప్పారా?

అందుకని ముందు రెండు మెయిళ్లు పెట్టు. ఒకటి డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి: క్యాంపస్ ప్రోగ్రాంకి నేను వేరేగా అప్లై చేయాలా, చేస్తే నా 21 క్రెడిట్లలో ఎన్ని తీసుకుంటారు, ఎన్ని సెమిస్టర్లు మిగులుతాయి. రెండోది ఇంటర్నేషనల్ ఆఫీసుకి: ఆ లెక్క ప్రకారం నా ఐ-20లో ప్రోగ్రాం ముగిసే తేదీ ఏది వేస్తారు, ఓపీటీకి అర్హత ఉంటుందా. అలాగే క్యాంపస్ ప్రోగ్రాం సీఐపీ కోడ్ (ఏ సబ్జెక్టు కోర్సో చెప్పే ప్రభుత్వ నంబర్) కూడా అడుగు. పేరు డేటా సైన్స్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంటేనే 12 నెలల ఓపీటీ తర్వాత ఇంకో 24 నెలలు పొడిగింపు వస్తుంది. 30.7001 అని ఉంటే ఫర్వాలేదు.

ఫోన్లు చేయకు, మెయిల్లోనే అడుగు. రాతలో ఉంటే రేపు పనికొస్తుంది.

గాజువాక_గురు:

సీనియర్ అన్న అంతా చెప్పేశాడు, నేను ఇంటర్వ్యూ సంగతి ఒక్కటి చెప్తాను మేడం.

నేనూ మీలాగే, కాకపోతే నాది ఆన్‌లైన్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, తర్వాత క్యాంపస్‌లో ఎంఎస్‌కి వెళ్లాను. కాన్సులేట్లో కిటికీ దగ్గర వీసా ఆఫీసర్ కంప్యూటర్ చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, ఆన్‌లైన్‌లో బాగానే చదువుతున్నావు కదా, అక్కడే పూర్తి చెయ్యొచ్చుగా అని. అంతే. కాలేజీ ర్యాంకు, స్పాన్సర్ ఎవరు, ఇవన్నీ బట్టీపట్టుకుని వెళ్లాం కానీ మనలాంటోళ్లకి అడిగేది అదే. నాకు అక్కడ రోబోటిక్స్ ల్యాబ్ ఉంది, ఆ ల్యాబ్ కోర్సులు ఆన్‌లైన్‌లో లేవు, ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు, వాళ్లు చేసే పని రెండు ముక్కల్లో చెప్పాను. ఇంకో ప్రశ్న అడిగి పాస్‌పోర్ట్ ఉంచేసుకున్నారు, అంటే వీసా ఇచ్చినట్టే. నాకు తెలిసిన ఒకతను మాత్రం "ఆఫ్టర్ దట్ ఓపీటీ ఉంటుంది సార్" అని మొదలెట్టాడంట, 214(బి) కాగితం, అంటే వీసా తిరస్కరణ, చేతిలో పెట్టి పంపేశారు.

డీఎస్-160లో (వీసా దరఖాస్తు ఫారంలో) చదువు వివరాల దగ్గర ఆన్‌లైన్ ఎంఎస్ తప్పకుండా రాయండి, దాచొద్దు. కొందరు "అది రాస్తే ప్రశ్నలు వస్తాయి, వదిలెయ్" అంటారు. యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో మీ పేరుండగా ఫారంలో లేకపోతే అప్పుడొచ్చే ప్రశ్నలకి జవాబుండదు. ఇన్‌స్టా, ఎక్స్ లాంటి అకౌంట్లు కూడా పబ్లిక్‌లో పెట్టాలి, 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాలకి అది అడుగుతున్నారు.

సంపత్ వినాయకుడి గుళ్లో కొబ్బరికాయ మీ ఇష్టం. నేను కొట్టాను 😄

ఎంవీపీ_సెక్టార్6:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ ఒక పూర్తి అకడమిక్ ఇయర్ సంగతి నాకెవరూ చెప్పలేదు. మెయిళ్లు రెండూ పెట్టేశాను. ఈలోగా ఒక డౌట్, ఇంటర్వ్యూలో ఓపీటీ గురించి అడిగితే ఏమనాలి? లేదు అని అబద్ధం చెప్పాలా? నాకు నిజంగానే అది ఒక కారణం కదా.

సీతమ్మధార_సీనియర్:

అబద్ధం అస్సలు వద్దు. అడిగితే, ప్రోగ్రాంలో భాగంగా చట్టప్రకారం అవకాశం ఉంటే వాడుకుంటాను, తర్వాత ఇక్కడ ఫలానా పని నా ఉద్దేశం అని చెప్పొచ్చు. తేడా ఏంటంటే, చదువు కోసం వెళ్తూ ఓపీటీ వాడుకోవడం వేరు, ఓపీటీ కోసం చదువు పెట్టుకోవడం వేరు, రెండోది వాళ్లు పది సెకన్లలో పట్టేస్తారు. ఎఫ్-1 అంటేనే చదువయ్యాక తిరిగొచ్చే ఉద్దేశం ఉందని వాళ్లని నమ్మించాల్సిన వీసా. నువ్వు పైన రాసింది చూసుకో, ప్రొఫెసర్‌తో మాట్లాడలేకపోవడం, గ్రూప్ ప్రాజెక్టులు, అవే నిజమైన కారణాలు, కాకపోతే వట్టి విసుగులా చెప్పావు. క్యాంపస్‌లో ఉండి ఆన్‌లైన్‌లో లేనివి ఏవో చూడు. థీసిస్ ఆప్షనా, కన్సల్టింగ్ ల్యాబా, ఏదైనా ఎలక్టివా? ఆన్‌లైన్ వాళ్లకి థీసిస్ ఉండదు చాలా చోట్ల. అలాంటిదేదీ దొరకకపోతే, ఇంటర్వ్యూ సంగతి తర్వాత, అసలు వెళ్లడం అవసరమా అని నువ్వే ఆలోచించుకోవాలి.

పెందుర్తి_బ్యాంకు_బాబాయ్:

అమ్మా, నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరయ్యాను. మీ నాన్నగారి పక్షాన రెండు మాటలు చెప్తాను, ఏమీ అనుకోకు.

మీ లెక్కలో ఫీజు, అద్దె, టికెట్ ఉంటాయి. మీ జీతం ఉండదు. ఆ కాలానికి ఇక్కడ వదులుకునే జీతం కూడా ఖర్చులో రాయండి, అప్పుడు అసలు అంకె కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫీజుకీ క్యాంపస్‌లో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఫీజుకీ చాలా చోట్ల బాగా తేడా ఉంటుంది, అదీ వేసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లదే తప్పనిసరిగా తీసుకోమంటాయి చాలా యూనివర్సిటీలు.

లోన్ విషయానికొస్తే, బ్యాంకు కొత్త అడ్మిషన్ లెటర్ చూస్తుంది. ఆన్‌లైన్‌లో చేరినప్పటి లెటర్ తీసుకొస్తే తిప్పి పంపేస్తారు. 7.5 లక్షల లోపు అయితే తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది, దానికి ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ ఉంటుంది. అంతకు మించి అంటే చాలావరకు ఇల్లో స్థలమో పెట్టాలి. అక్కడే మనవాళ్లకి నెలలు పోతాయి. ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు వెతకాలి, బ్యాంకు లాయర్ ఒపీనియన్ రాయాలి, వాల్యుయేషన్ ఇంజనీరు వచ్చి చూడాలి. స్థలం ఆనందపురం వైపో భోగాపురం వైపో ఏదో లేఅవుట్‌లో కొన్నదైతే వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, లేకపోతే ఆ కాగితాలు పట్టుకుని ఎన్ని బ్యాంకులు తిరిగినా కష్టమే. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల సొసైటీ స్థలాలైతే అసలు డీడ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడాలి.

ఇప్పుడొక మంచి మాట. లోన్ డబ్బు విదేశానికి పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు, 2025 ఏప్రిల్ నుంచి తీసేశారు. మీ నాన్నగారి సొంత డబ్బు పంపినా ఏడాదికి 10 లక్షల దాకా పట్టుకోరు. లోన్ వడ్డీకి 8 ఏళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది, కానీ పాత ట్యాక్స్ విధానంలో ఉంటేనే.

నన్నడిగితే, ఆ 9 క్రెడిట్లు ఇక్కడే పూర్తి చేసేసి డిగ్రీ చేతిలో పెట్టుకో. ఉద్యోగంలో ప్రమోషన్ అడుగు. మీ నాన్నగారి పీఎఫ్ ముట్టుకోవద్దు.

మధురవాడ_మహారాణి:

బాబాయ్ గారూ, డబ్బు లెక్క బాగానే చెప్పారు కానీ "ఇక్కడే ఉండు ప్రమోషన్ అడుగు" అనడం తేలిక. అబ్బాయైతే ఇదే సలహా ఇచ్చేవారా అని ఒక చిన్న అనుమానం, అంతే 🙂

అక్కా, అమెరికా ఒక్కటే అనుకోకుండా మిగతావి కూడా చూశావా అని అడుగుదామనుకున్నా, కానీ చూసినా ఇదే గొడవ. నేను యూకేలో చదివాను. అక్కడ డిస్టెన్స్ లెర్నింగ్‌కి స్టూడెంట్ వీసా స్పాన్సర్ చేయరు. సగం ఆన్‌లైన్‌లో చేసి సగానికి వెళ్తే గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక అక్కడ పని చేసుకునే వీసా) దగ్గర దెబ్బ పడుతుంది. కోర్సు 12 నెలలు లేదా అంతకన్నా తక్కువైతే మొత్తం కాలం యూకేలోనే చదివి ఉండాలి, ఎక్కువైతే కనీసం 12 నెలలు అక్కడ ఉండాలి. పైగా ఆ గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి రెండేళ్ల నుంచి 18 నెలలకి తగ్గుతోంది, పీహెచ్‌డీ వాళ్లకి మాత్రం ఎప్పట్లాగే మూడేళ్లు. కెనడాలో అయితే 2024 సెప్టెంబర్ 1 తర్వాత దేశం బయట ఆన్‌లైన్‌లో చదివిన కాలాన్ని వర్క్ పర్మిట్ లెక్కలోంచి తీసేస్తున్నారు. ఆస్ట్రేలియాలో స్టూడెంట్ వీసా వాళ్లకి కోర్సులో మూడో వంతు కన్నా ఎక్కువ ఆన్‌లైన్ కుదరదు. ఏ దేశం వాళ్లదైనా మాట ఒకటే, పని చేసుకునే హక్కు కావాలంటే వాళ్ల దేశంలో వాళ్ల క్లాసులో కూర్చోవాలి.

పెందుర్తి_బ్యాంకు_బాబాయ్:

మా అబ్బాయికీ ఇదే చెప్పానమ్మా, వినలేదు, వెళ్లాడు. ఇప్పుడు ఈఎంఐ నేనే కడుతున్నా.

ఎంవీపీ_సెక్టార్6:

బాబాయ్ గారూ 😅 నాన్నకి మీ పోస్ట్ చూపించాను, ఇంట్లో మీకు ఫ్యాన్ అయిపోయారు.

అప్‌డేట్. యూనివర్సిటీ నుంచి రెండు జవాబులూ వచ్చాయి. డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పింది: క్యాంపస్ ప్రోగ్రాం వేరు, కొత్తగా అప్లై చేయాలి, కానీ జీఆర్‌ఈ మళ్లీ అక్కర్లేదు, ఇప్పుడున్న ప్రొఫెసర్ల రికమండేషన్ చాలు. ఆన్‌లైన్ ప్రోగ్రాం నుంచి 12 క్రెడిట్లు మాత్రమే తీసుకుంటారంట. అంటే నేను కష్టపడి చేసిన 9 క్రెడిట్లు గంగలో కలిసినట్టే, ఇంకా 18 చేయాలి. చాలా బాధేసింది. పిటిషన్ పెట్టుకుంటే కొన్ని సందర్భాల్లో ఎక్కువ కూడా తీసుకుంటారని చివర్లో ఒక లైన్ రాశారు. పెట్టమంటారా? మొత్తం 21 తీసుకుంటే ఫీజు సగం మిగులుతుంది కదా. లేదా ఈ సమ్మర్‌లో ఇంకో ఆన్‌లైన్ కోర్సు చేసేసి భారం తగ్గించుకోవచ్చా?

ఒకటి మంచి వార్త, థీసిస్ ఆప్షన్ క్యాంపస్ వాళ్లకే ఉందంట. నేను సెకండ్ సెమిస్టర్‌లో చేసిన ఒక ప్రాజెక్ట్, తుఫానుల టైంలో వర్షపాతం డేటా మీద, దాన్ని ముందుకు తీసుకెళ్లడానికి ఒక ప్రొఫెసర్ ఆసక్తి చూపించారు. హుద్‌హుద్ అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, ఊరు ఎలా అయిపోయిందో గుర్తే, ఆ ప్రాజెక్ట్ తీసుకోవడానికి అదే కారణం.

సీతమ్మధార_సీనియర్:

పిటిషన్ పెట్టకు!! సమ్మర్ కోర్సూ చేయకు!

మళ్లీ లెక్క వేసుకో. 21 తీసుకుంటే మిగిలేది 9, ఒక సెమిస్టర్, ఓపీటీ సున్నా. 12 తీసుకుంటే మిగిలేది 18, అంటే ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) 9, స్ప్రింగ్‌లో (జనవరిలో మొదలయ్యేది) 9, సరిగ్గా ఒక అకడమిక్ ఇయర్. నీకు నష్టంలా కనిపిస్తున్న ఆ 9 క్రెడిట్లే నిన్ను అక్కడ రెండో సెమిస్టర్ ఉంచుతున్నాయి. ఫీజు ఎక్కువే, కాదనను. అది కట్టలేము అనుకుంటే బాబాయ్ గారి మాటే కరెక్ట్, ఇక్కడే పూర్తి చేసేయ్. మధ్యలో ఉన్న దారి, 9 క్రెడిట్లకి వెళ్లి ఒక సెమిస్టర్‌లో వచ్చేయడం, అది మాత్రం డబ్బూ ఉద్యోగమూ రెండూ పోగొట్టుకునే దారి. థీసిస్ పెట్టుకుంటే అది రెండు సెమిస్టర్లకి ఎలాగూ సాగుతుంది, ఎందుకు రెండు సెమిస్టర్లు అంటే చెప్పడానికి సరైన జవాబు కూడా ఉంటుంది.

ఇంటర్వ్యూలో చెప్పాల్సింది నీ దగ్గరే ఉంది కదా, వైజాగ్ అమ్మాయి, 2014లో హుద్‌హుద్ చూసింది, తుఫాను వర్షపాతం డేటా మీద థీసిస్, అది ఆన్‌లైన్‌లో చేయనివ్వరు, ప్రొఫెసర్ ఒప్పుకున్నారు. ఇంతకన్నా ఏం కావాలి? ప్రొఫెసర్ మెయిల్ ప్రింట్ తీసుకెళ్లు, అడగకపోయినా దగ్గరుండనీ.

ఇంటర్నేషనల్ ఆఫీసు ఏమంది? అది రాయలేదు.

ఎంవీపీ_సెక్టార్6:

18 క్రెడిట్లు అయితే రెండు సెమిస్టర్ల ఐ-20 ఇస్తామన్నారు, ఫాల్‌లో మొదలై మేలో ముగుస్తుంది. ఓపీటీకి అప్లై చేసుకోవచ్చు, ప్రోగ్రాం ముగియడానికి 90 రోజుల ముందు నుంచి తర్వాత 60 రోజుల లోపు అన్నారు. కోడ్ 30.7001. ఐ-20లో చూపించాల్సింది ఒక ఏడాది ఫీజు, ఖర్చులు.

పిటిషన్ పెట్టను. నాన్నకి లెక్క కాగితం మీద వేసి చూపించాను, జీతం కూడా కలిపి, బాబాయ్ గారు చెప్పినట్టే. ఇంకా అవునని అనలేదు కానీ పెందుర్తి స్థలం లింకు డాక్యుమెంట్లు బీరువాలోంచి తీశారు.

గాజువాక_గురు:

స్థలం పేపర్లు తీశారంటే అయిపోయినట్టే మేడం 😄

టైం గురించి చెప్తాను. అడ్మిషన్ వచ్చి ఐ-20 వచ్చాక ముందు సెవిస్ ఫీజు 350 డాలర్లు, ఆ రసీదు ఉండాలి. డీఎస్-160 నింపాక వీసా ఫీజు 185 డాలర్లు. తర్వాత స్లాట్లు. మనకి హైదరాబాద్‌లోనే రెండు పనులూ, వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న సెంటర్లో, ఇంటర్వ్యూ నానక్‌రాంగూడ కాన్సులేట్లో. వేరే వేరే రోజుల్లో పడతాయి కాబట్టి ఒక్క రాత్రికి గోదావరి ఎక్కేసి మర్నాడు వచ్చేద్దాం అనుకోవద్దు, చుట్టాలుంటే చెప్పి పెట్టుకోండి. వేసవిలో ఫాల్ స్లాట్ల కోసం జనం రాత్రంతా రీఫ్రెష్ కొడుతూ కూర్చుంటారు. క్లాసులు మొదలవ్వడానికి 30 రోజుల ముందు కన్నా ముందుగా ఎఫ్-1 మీద దేశంలోకి రానివ్వరు, టికెట్ అది చూసుకుని కొనండి. స్లాట్ దొరకక ఆలస్యమైతే స్ప్రింగ్‌కి డిఫర్ చేయిస్తారా అని డీఎస్‌ఓని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఉద్యోగానికి రాజీనామా మాత్రం వీసా స్టాంప్ పడ్డాకే. నోటీస్ పీరియడ్ 60 రోజులో 90 రోజులో ఉంటుంది మీకు, లెక్కపెట్టుకోండి, హెచ్ఆర్ వాళ్లతో ముందుగా నోరు జారొద్దు.

మధురవాడ_మహారాణి:

అక్కా ఇంకో ప్రశ్న నా తరఫున. ఆ 18లో సెమిస్టర్‌కి ఒక కోర్సు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా? సీనియర్ గారు ఒక్కటి పర్లేదు అన్నారు కదా.

సీతమ్మధార_సీనియర్:

తీసుకోవచ్చు, 9లో 3 దాకా. కానీ నేనైతే వద్దంటాను, ముఖ్యంగా ఇలాంటి కేసులో. రిజిస్ట్రేషన్ పోర్టల్లో ఒకే కోర్సుకి క్యాంపస్ సెక్షన్ ఒకటి, ఆన్‌లైన్ సెక్షన్ ఒకటి ఉంటాయి, పేరూ ప్రొఫెసరూ ఒకటే ఉంటారు, తొందరలో రెండు ఆన్‌లైన్ సెక్షన్లు పడ్డాయంటే ఫుల్‌టైం కింద లెక్క తగ్గిపోయి స్టేటస్‌కే ఎసరు. ఏదైనా కారణంతో ఒక కోర్సు వెనకబడి చివరి సెమిస్టర్‌లో ఒక్కటే మిగిలిందనుకో, ఆ ఒక్కటి ఆన్‌లైన్‌లో కుదరదు, క్లాసులో ఉండాల్సిందే. కాబట్టి చెల్లీ, రిజిస్టర్ చేశాక సెక్షన్ వివరాల్లో "ఇన్ పర్సన్" అని ఉందో లేదో ఒక్కో కోర్సుకి తెరిచి చూడు, డ్రాప్ చేయాలన్నా మార్చాలన్నా ముందు డీఎస్‌ఓకి మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే బటన్ నొక్కు.